కరిగేదాకా కథ

పోయిన వారం మనం తాండూరు వదిలి వచ్చే సమయానికి అమూల్య ముందుపన్ను ఊగుతోంది. పన్నుతోపాటు ఇల్లు కూడా ఊగుతోంది. శనివారం నాడు వికారాబాదులో జిల్లా పిల్లల కథల పోటీ. తాండూరులో మొదటి బహుమతి కొట్టింది కనుక ఏడేళ్ళ అమూల్యే ఊరి తరఫున వెళ్ళాలి. వెళ్ళి, మైకు ముందు నిలబడి, "సింహం" అనాల్సిన చోట "థింహం" అంటే ఎలా? అది గర్జించే సింహమా, గుటకేసే సింహమా? ఇదీ తాత బాల్‌రాజ్ బెంగ.

అసలు బెంగ దీని వెనకాల దాక్కుని ఉంది. కోడలు అనూష వికారాబాదులో సర్కారు కొలువు చేస్తోంది. వారమంతా అక్కడే గది తీసుకుని ఉంటుంది, సెలవులకు తాండూరు వస్తుంది. కొడుకు అనిల్‌కుమార్ నాపరాళ్ళ లారీల వెంట ఊళ్ళు తిరుగుతుంటాడు. పిల్ల తాత దగ్గర, తాత పిల్ల దగ్గర. పోయిన ఆదివారం అనూష తేల్చేసింది: "బిడ్డను నా దగ్గరికి తీస్కపోత మామా. గీడ మీ గారాబంల ఆగమైతున్నది." బాల్‌రాజ్ కాళ్ళావేళ్ళా పడి ఒక ఒడంబడికకు ఒప్పించాడు. పోటీలో అమూల్య గెలిస్తే, తాత ఒళ్ళో పిల్ల సక్కగా పెరుగుతున్నట్టే లెక్క, తాండూరులోనే ఉంటుంది. ఓడిపోతే మూటాముల్లె సర్ది రైలెక్కుతుంది. కాబట్టి ఊగుతున్నది పిల్ల పన్ను కాదు, తాత ప్రాణం.

బాల్‌రాజ్‌ది కందిపప్పు మిల్లు. ఇన్నేళ్ళ వ్యాపారంలో పన్ను అంటే కట్టేదనే ఆయనకు తెలుసు. దాని మానాన అది పోతానంటున్న పన్నును పోవద్దని బతిమాలాల్సి రావడం ఇదే మొదలు. వీధి వీధంతా సలహాలతో ఊడిపడింది. జొన్నరొట్టె పెట్టొద్దన్నారు ఒకరు. నవ్వించొద్దన్నారు ఇంకొకరు. అసలు మాట్లాడించనే వద్దన్నది పక్కింటి భీమమ్మ. కథల పోటీకి వెళ్ళే పిల్లను మాట్లాడనివ్వకపోవడం అంటే ఈత పోటీకి వెళ్ళేవాణ్ణి నీళ్ళలో తడవకుండా కాపాడటమే. అయినా బాల్‌రాజ్ అదీ చేసి చూశాడు. చివరికి ఆయన బుర్రలోనే మెరుపు మెరిసింది. పగిలిన కుండకు అతుకు, చిరిగిన గోనెకు కుట్టు ఉన్నప్పుడు, ఊగే పన్నుకు ఏదో ఒక జిగురు ఉండకపోతుందా?

గురువారం పొద్దున తాతా మనవరాలు వికారాబాదు రైలెక్కారు. కిటికీ గాలికి పన్ను రాలుతుందేమోనని బాల్‌రాజ్ దారి పొడవునా పిల్ల మూతికి దస్తీ అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఎదుటి సీటు ముసలాయన చూసి చూసి, "పోరికి సర్దీనా?" అని అడిగాడు. "కాదు, పరువు" అన్నాడు బాల్‌రాజ్.

స్టేషన్లో అనూష ఎదురుచూస్తోంది. పిల్లను ఎత్తుకుని ముద్దుపెట్టి, మొహం తుడవడానికి హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసింది. లోపలి నుంచి కాగితాల గరగర వినబడింది. దాని వెంటే ఒక తీపి వాసన, నారింజ పండు వాసన. అమూల్య బ్యాగులోకి తొంగి చూసింది. అనూష కళ్ళతోనే "ఊహూ" అంది. ఆఫీసు బ్యాగన్నాక కాగితాలుంటాయి, అత్తరు సీసా ఉంటుంది, మనకెందుకని బాల్‌రాజ్ ఆ సంగతి అక్కడే వదిలేశాడు. ఆయన ధ్యాసంతా జిగురు మీద ఉంది.

పళ్ళ డాక్టరు స్నేహలత నవ్వు మొహం మనిషి. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, "చెప్పండి పెద్దాయనా, ఏం పరేషాన్?" అంది.

"పన్ను ఊగుతున్నది మేడం. జర అతికియ్యాలె."

"ఏంది?"

"శనివారం దాక ఆగితే చాలు. ఆదివారం సంది దాని ఇష్టం, దాని ఖుషీ. కిరాయిదారుకు ఖాళీ చెయ్యనీకి జర మోలత్ ఇయ్యమా మేడం? గట్లనే."

డాక్టరమ్మ చేతిలో అద్దం చేతిలోనే ఉండిపోయింది. "పెద్దాయనా, నా దగ్గరికి అందరు పీకమని వస్తరు. పోయే పాలపన్నును అతికియ్యమని వచ్చింది మీరొక్కరే."

"నేను చెప్పిన మామా, నవ్వుతరని" అంది అనూష చిన్నబోయి.

"నవ్వితే నవ్వనియ్యి బిడ్డా. నవ్వుకు పండ్లు కావాలె గని పండ్లకు నవ్వు కావాల్నా?"

"ముందు చూడనియ్యండి" అని స్నేహలత పిల్ల వైపు వంగింది. "తల్లీ, ఆ అను."

అమూల్య "ఆ" అంది. డాక్టరమ్మ వేలు పన్నుకు తగిలీ తగలకముందే టింగుమని చప్పుడైంది. స్టీలు పళ్ళెంలో బియ్యపు గింజంత తెల్లటి ముక్క గిరగిరా తిరిగి ఆగింది.

వీధి వీధంతా కళ్ళలో వత్తులు వేసుకుని కాపాడిన పన్ను! పప్పన్నం పిసికి పిసికి పెట్టి, నవ్వుకు తాళం వేసి, రైలు గాలికి దస్తీ అడ్డం పెట్టి ఇంతదూరం మోసుకొచ్చింది ఇలా పళ్ళెంలో పడెయ్యడానికా! ఒడంబడిక కూడా దానితోపాటే టింగుమన్నట్టు వినిపించింది ఆయనకు.

అమూల్య మాత్రం సందులోకి నాలుక దూర్చి చూసుకుని మురిసిపోయింది. "తాతా! థూడు, థూడు! థొరంగం!"

అనూష నవ్వు ఆపుకోలేకపోయింది. డాక్టరు కూడా నవ్వుతుందేమోనని బాల్‌రాజ్ ఆమె వైపు చూశాడు. ఆమె నవ్వడం లేదు. ఊడిన పన్ను వైపు అసలు చూడటమే లేదు. లైటు కిందికి లాగి, పిల్ల ఎడమ బుగ్గను వేలితో పక్కకు జరిపి, లోపలికి చూస్తోంది. ఇందాకటి నవ్వు మొహం ఎక్కడికి పోయిందో.

"ఇక్కడ నొప్పి లేదా తల్లీ?"

అమూల్య తల అడ్డంగా ఊపింది. ఊపి, తాత మొహంలోకి చూసింది.

"గా నల్లది గురించా మేడం?" అన్నాడు బాల్‌రాజ్ తేలిగ్గా. "నేను శానా దినాల కిందనే చూసిన. పాలపన్నే గదా! గిప్పుడు ముందరిది ఊడలే? గట్లనే అదీ ఊడుతది, కొత్తది మొలుస్తది. దానికి ఫికర్ ఎందుకు?"

"ఏది పాలపన్ను?" డాక్టరు గొంతు మారింది.

"గదే... దవడది..."

"పెద్దాయనా, అది పాలపన్ను కాదు. ఆరేళ్ళప్పుడు పాలపండ్ల వెనకాల, ఖాళీ జాగలో మొలిచే దవడ పన్ను. ఏ పన్నూ ఊడకుండ వస్తది గనక ఇంట్ల ఎవరికీ తెల్వదు. మీ అసొంటోళ్ళు చానమంది పాలపన్నే అనుకుంటరు. ఈ పిల్లకు అరవై ఏండ్లొచ్చినా నమలాల్సింది దీంతోనే. ఇది పోతే మళ్ళ రాదు."



"మళ్ళ రాదా?" అంది అనూష.

బాల్‌రాజ్ నెత్తిన కందుల బస్తా జారిపడ్డట్టయింది. మార్కెట్ యార్డులో గుప్పెడు కందులు అరచేతిలో పోసుకుని, కళ్ళు మూసుకుని, వేలితో కలియబెట్టి పుచ్చు గింజ ఎక్కడుందో చెప్పగల మనిషి ఆయన. రైతులూ దళారులూ ఆయన వేలికి దండం పెడతారు. లారీల కొద్దీ సరుకులో పుచ్చును పట్టిన మనిషి కళ్ళు, ఒళ్ళో కూర్చున్న పిల్ల నోట్లో పుచ్చును చూసి కూడా "పాలపన్నే గదా" అని పక్కకు తప్పుకున్నాయి. కందిలో పుచ్చుంటే బస్తా వాపసు పంపుతారు. పిల్ల నోట్లో పుచ్చును ఎవరికి వాపసు పంపాలి?

పన్నుకు ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని వెలుతురుకు పెట్టి చూపించింది. "నల్లది లోపల నరం దాక పోయింది. ఇంకో కష్టమేందంటే, ఈ వయసుల పన్ను పైకి కనబడుతది గాని వేరు ఇంకా పూర్తిగ తయారు కాదు. ఇల్లు కట్టుతుండగనే చెద పట్టినట్టు. నరంల బతికున్న ముక్కను కాపాడి, వేరును పెరగనియ్యాలె. ఇయ్యాలనే మొదలుపెడదం. నిలబడుతదనే ఆశ ఉన్నది, కాని మాట ఇయ్యలేను."

అనూష కుర్చీ పట్టుకుని నిలబడింది. "పొద్దుగాల బ్రష్ చేస్తది గద మేడం?"

"రాత్రి?"

అనూష మామ వైపు చూసింది. మామ ఫ్యాను వైపు చూశాడు.

"ఇంకొకటి చెప్పండి" అంది స్నేహలత. "తీపి తినే పిల్లలకు అక్కడొకటి ఇక్కడొకటి పుచ్చుతయి. ఈ పిల్లకు ఎడమ పక్క పాలదవడ పండ్లు కూడ వరుసగ మెత్తబడ్డయి. అన్నీ బుగ్గ ఆనే దిక్కే. రాత్రి పండుకునేటప్పుడు ఏమన్న బుగ్గన పెట్టుకుంటదా?"

ఆ ప్రశ్నకు జవాబు బాల్‌రాజ్‌కు తెలుసు.

పటికబెల్లం!

అమూల్యకు మూడేళ్ళప్పటి ముచ్చట. కథ మొదలుపెడితే చాలు, "అయినంక? అయినంక?" అని ముక్క ముక్కకూ అడ్డు తగిలేది. నోటికి పని పెడితే చెవికి పని దొరుకుతుందని బాల్‌రాజ్ ఒక పటికబెల్లం ముక్క ఆమె ఎడమ బుగ్గన పెట్టాడు. "ఇది కరిగేదాక కథ. కరిగినంక నిద్ర" అన్నాడు. అది ఆ ఇంటి గడియారమైంది. మొదట్లో ముక్క చటుక్కున కరిగేది, కథ పుటుక్కున తెగేది. పోను పోను ముక్క కరగడానికి ఎంతో సేపు పట్టసాగింది. నక్క కథ నక్కతో ఆగకుండా నక్క మేనమామ దాకా పోయేది. తన కథనం అంత గొప్పగా సాగుతోందని బాల్‌రాజ్ మీసం దువ్వుకున్నాడు. చివరికి పిల్ల అలాగే నిద్రపోయేది, బుగ్గన ముక్క బుగ్గననే. సాగిందేమో కథ, కరిగిందేమో పన్ను.

చెప్పాలి. నోరు తెరవాలి. తెరిస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు: అనూష ఇక శనివారం దాకా కూడా ఆగదు. రాత్రి మంచం మీద పక్కన పిల్ల ఉండదు. పోసుకోలు కబుర్లకు తాండూరంతా పేరున్న నోరు, పనిపడ్డ నాడు సమ్మె చేసింది.

"అమూల్యా, ఎవరు పెట్టిన్రు?" అంది అనూష. "పక్కింటి భీమమ్మనా?"

పిల్ల నాలుకతో పన్ను సందును తడుముకుంది.

"చెప్పు. భీమమ్మ దాచిపెట్టి ఇస్తదా?"

"ఒక ఊళ్ళె ఒక ఉడుత ఉండె" అంది అమూల్య.

"నేనడిగేదేంది, నువ్వు చెప్పేదేంది!"

"ఆగండమ్మా" అంది డాక్టరు. "చెప్పనియ్యండి."

అమూల్య కుర్చీలో నిటారుగా కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ముందు పన్ను లేదు, మైకు లేదు, బహుమతి లేదు. "ఆ ఉడుతకు ఒక తాత ఉడుత ఉండె. తాత ఉడుతకు మథ్తు కథలొథ్తయి. గని తాత ఉడుతకు ఒక భయముండె."

"ఏం భయం?" అంది డాక్టరు.

"కథ అయిపోతే పిల్ల ఉడుత నిద్రపోతది. నిద్రపోతే తాత ఉడుత ఒక్కడే ఉంటడు. థానాథేపు ఒక్కడే మేలుకొని ఉంటడు. పిల్ల ఉడుతకు ఆ ముచ్చట తెలుథు. ఎట్ల తెలుథంటే, అది ఒకనాడు దొంగ నిద్ర పోయింది."



"అందుకని తాత ఉడుత బుగ్గన పెట్టిన తీపిది చీకలే. ఎందుకంటే చీకితే కరుగుతది. కరిగితే కథ అయిపోతది. అయిపోతే తాత ఒక్కడయితడు. గందుకే దాచిపెట్టింది. బుగ్గ మండినా తీయలే. తాతకు చెప్పలే. ఎందుకంటే చెప్తే తాత కథ మధ్యలనే ఆపుతడు."

డాక్టరమ్మ చేతిలోని పత్తి ఉండను పక్కన పెట్టింది. "ఏడేండ్ల పిల్లలు 'తర్వాత ఇదైంది, తర్వాత అదైంది' అంటరు" అంది నెమ్మదిగా. "ఈ పిల్ల 'ఎందుకంటే' అంటున్నది."

బాల్‌రాజ్‌కు అది వినబడలేదు. ఆయన కళ్ళముందు మూడేళ్ళ అమూల్య ఉంది. పులొచ్చింది, ఆవు పోయింది, అన్నం తిన్నది అని ఒక్క గుక్కలో కథ ముగించి చప్పట్లు కొట్టుకునే పిల్ల. దేన్నీ దాచడం తెలియని పిల్ల. ఎప్పుడు పెరిగింది ఇంత? తాను కథ చెబుతున్నానని తాననుకున్నాడు; పిల్ల ఒళ్ళో కూర్చుని తననే చదివేసింది. నిద్రపుచ్చుతున్నది తాననుకున్నాడు, మేలుకుని కాపలా కాసింది పిల్ల. బుగ్గ మండుతుంటే నోరు మూసుకుని.

"మామా." అనూష గొంతులో కోపం కూడా లేదు, అదే ఆయన్ను ఎక్కువ భయపెట్టింది. "గా తాత ఉడుత మీరేనా?"

ఈసారి బాల్‌రాజ్ మాటకు మాట పేనలేదు. "నేనే బిడ్డా" అన్నాడు. "నల్లది చూసిన గని, పాలపన్నని వదిలిపెట్టిన. నేనే."

"అయితే ఇగ పోటీ ముచ్చట లేదు. గెలిచినా, ఓడినా బిడ్డ నా దగ్గర్నే ఉంటది. శనివారం నాడే బట్టలు తెప్పిస్త. మీరు నొచ్చుకున్నా సరే మామా. దాని నోరు గిట్లయినంక నేనెట్ల ఊకుంట?"

బాల్‌రాజ్ తలూపాడు. ఏమని కాదంటాడు? కోడలు అన్నదాంట్లో ఒక్క గింజ కూడా పుచ్చు లేదు. ఆయన లేచి, కుర్చీ పక్కకు వెళ్ళి, పళ్ళెంలోని బియ్యపు గింజంత పన్నును దస్తీలో మూటకట్టుకున్నాడు. ఇక తనకు మిగిలేది ఇంతేననిపించింది.

"అమ్మా" అంది అమూల్య. "కథ ఒడ్వలే. ఇంకా ఉన్నది."

"చాలు. విన్న గదా."

"ఒడ్వలేదమ్మా. ఉడుతకు రెండు బుగ్గలుంటయి."

స్నేహలత తలెత్తింది. "అవునే! మాటల్ల పడి కుడి పక్క చూడనే లేదు." లైటు ఇటువైపు తిప్పింది. "నోరు తెరువు తల్లీ."

"వద్దు మేడం!"

ఆ కేకకు అందరూ ఉలిక్కిపడ్డారు. కేక వేసింది అనూష.

"అంటే... చేసేది ఎడమ పక్క గదా. అదే చెయ్యండి. ఇటుదిక్కు ఎందుకు? పిల్ల అలసిపోయింది. నాకు కూడ ఆఫీసుకు టైమైంది."

"ఒక్క నిమిషం పని అమ్మా."

"ఇయ్యాల వద్దు అంటున్న గద!"

బాల్‌రాజ్ కోడలి వైపు చూశాడు. ఇంతసేపు తనకు తీర్పు చెప్పిన మొహం సున్నం కొట్టిన గోడలా తెల్లబోయి ఉంది. ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగు జిప్పు మీద బిగుసుకుంది. బిగుసుకున్న కొద్దీ లోపల గరగర, గరగర. సన్నగా నారింజ వాసన గదిలోకి పాకింది. అత్తరు కాదది, నారింజ బిళ్ళల వాసన.

ప్రతి సోమవారం పొద్దున తాండూరు స్టేషనులో చూసే దృశ్యం ఆయనకు మెదిలింది. తల్లి రైలెక్కుతుంది. పిల్ల ఏడవదు. రైలు కనుమరుగయ్యేదాకా ఒక బుగ్గ ఉబ్బించుకుని, చెయ్యి ఊపుతూ నిలబడుతుంది. ఇంటికొచ్చాక కూడా వారమంతా, తల్లి గుర్తొచ్చినప్పుడల్లా, మూలకు పోయి బుగ్గ ఉబ్బించుకుంటుంది. ఎంత గుండె గట్టి పిల్లని తాను మురిసిపోయాడు! అది ఏ బుగ్గ? ఎడమదా?

కాదు.

ఆ బ్యాగు గురించి ఒక్క మాట అంటే చాలు, పిల్ల తాండూరులోనే ఉండొచ్చు. ఒక్క మాట. బాల్‌రాజ్ నోరు తెరిచాడు. కోడలి కళ్ళలో నీళ్ళు చూశాడు. తెరిచిన నోటిని ఏం చెయ్యాలో ఆయనకు తోచలేదు.

"తెరువు తల్లీ" అంటోంది డాక్టరు.

అమూల్య తాతను చూసింది. తల్లిని చూసింది. తల్లి చేతి కింది జిప్పును చూసింది. తర్వాత రెండు వేళ్ళతో తన పెదవుల మీద ఈ చివర నుంచి ఆ చివరకు జిప్పు లాగినట్టు లాగి, మళ్ళీ కొంచెం తెరిచి, పన్ను లేని సందులోంచి చెప్పింది:

"రెండో బుగ్గ కథ గీడ చెప్ప. థనివారం చెప్త. మైకుల."